నాలుగో డబ్బీ

మధ్యాహ్నం మూడు కావస్తుండగా పార్సిలు తెచ్చినతను గేటు తీసుకుని వచ్చి, కాలింగ్ బెల్లు మీదికి వేలు పోనిచ్చి, అక్కడ అంటించిన కాగితం చూసి ఆగిపోయాడు. "డ్యూటీ దిగి పడుకున్నారు. బెల్లు కొట్టవద్దు." ఎలిజబెత్ గుండ్రటి అక్షరాలు. గుంతకల్లులో రైళ్ళు నడిపేవాళ్ళ క్వార్టర్సుల మధ్య తిరిగే మనిషికి ఆ కాగితం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. గొంతు దించి "మేడం" అనబోయేసరికి ఆమె అప్పటికే తలుపు తీసి నిలబడి ఉంది, గేటు దగ్గర చెప్పుల చప్పుడు వినే వచ్చింది. అరచేతిలో ఇమిడే పెట్టె. ఉల్లిగడ్డంత బరువు. దాన్ని హాల్లో చాప మీద పెట్టుకుని, టేపు బర్రుమని లాగకుండా బ్లేడు మొనతో అంచులు కోసి, లోపలి ప్లాస్టిక్ సంచిని పాపాయి ముఖం మీద గుడ్డ తీసినట్టు తీసింది. నల్లటి డబ్బీ, అగ్గిపెట్టెకు అన్నలా ఉంది. ఇది నాలుగోది. పొద్దున జయచంద్ర డ్యూటీ దిగి అన్నం తిని పడకెక్కుతూ అన్నాడు. "ఇది వచ్చిందంటే చూడు లిజ్జీ, జలతరంగం కప్పులన్నీ లేచి కూసుంటాయి. నాలుగ్గంటలకు లేపు, ఇద్దరం ఇందాం. ఇదే ఆఖరు, ఇంగ నిన్ను సతాయించను." ఇదే ఆఖరు. ఆ మాట దగ్గర ఆమె పొద్దుటి నుంచి తచ్చాడుతూనే ఉంది, ఇల్లు ఊడుస్తూ, బియ్యం ఏరుతూ, బట్టలారేస్తూ. నాలుగింటికి ఇంకా గంట ఉంది.

పడకగది తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల ఫ్యాను తిరుగుతోంది. ఇరవై మూడేళ్ళుగా ఈ ఇంట్లో పగటి నిద్రను కాపాడటమే ఆమె ఉద్యోగం. రాత్రంతా రైలు నడిపి వచ్చిన మనిషి పగలు నిద్రపోకపోతే, మర్నాటి రాత్రి ఆ మనిషి వెనక నిద్రపోయే వెయ్యి మందికీ ప్రమాదమని పెళ్ళయిన కొత్తలో అత్త చెప్పింది. అప్పటినుంచి స్టీలు పళ్ళాలు మడతపెట్టిన తువ్వాలు మీదే బోర్లించింది. తలుపు గడియలకు కొబ్బరినూనె రాసింది. అతను పడుకున్నప్పుడు మిక్సీ ముట్టలేదు, కుక్కర్ ఎక్కించలేదు, పప్పు మామూలు గిన్నెలోనే గంటసేపు ఉడికించింది. పక్కింటి బయమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఏమే ఎలిజబెత్, మీ ఇంట్లో మనుషులుండారా, పిల్లులుండాయా?" అని ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో. బయమ్మ మొగుడు లింగప్ప గార్డు, అతనూ పగలు పడుకునేవాడే, కానీ ఆ ఇంట్లో టీవీ మోగుతుంది, బయమ్మ నోరు మోగుతుంది, లింగప్ప గురక రెండింటినీ మించి మోగుతుంది. ఎలిజబెత్‌కు అలా కుదరలేదు. ఏ పని చేసినా చివరిదాకా సరిగ్గా చేయాలి, మౌనమైనా సరే. మౌనానికీ పొరలుంటాయని ఆమెకు అలాగే తెలిసింది. ఫ్రిజ్ ఆగిపోయిన క్షణం, ఆ తర్వాత గడియారం, గడియారం వెనక వేపచెట్టు మీద గాలి, గాలి వెనక యార్డులో ఎక్కడో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. చెవి ఒక్కొక్క పొరే దిగుతూ పోతుంది, ఎండాకాలంలో బావి మెట్లు దిగినట్టు, ఎంత దిగినా ఇంకా కింద ఏదో మెరుస్తూనే ఉంటుంది.

అలమర పక్కన స్టీరియో ఉంది. పాత ఆంప్లిఫైయర్, రెండు చెక్క స్పీకర్లు. రిటైరై ఊరొదిలి పోతున్న ఒక గార్డు ఇంట్లోంచి, పెళ్ళయిన మూడో ఏట తోపుడుబండి మీద తెచ్చుకున్నారు. క్యాసెట్లు పోయాయి, సీడీలు పోయాయి, పాటలన్నీ ఫోన్లోకి దూరాయి. ఫోన్లో పాట ఉండదు, అంకెలుంటాయి. ఆమె అనంతపురంలో బీయస్సీ చదివింది, ఫిజిక్సు, అది ఆమెకు చిక్కుడుకాయ తరిగినట్టు కళ్ళకు కడుతుంది. పొడుగాటి స్వరాన్ని సెకనుకు నలభై వేల పైచిలుకు ముక్కలుగా తరిగి పెట్టుకుంటారు. ఆ ముక్కల్ని మళ్ళీ అతుకు కనపడకుండా కాయ చేసి ఆంప్లిఫైయర్‌కు అందించేదే ఈ డబ్బీ, కన్వర్టర్. కత్తి మొద్దుదైతే ముక్కలు నలుగుతాయి, అతికేవాడు తొందరపడితే నార కనపడుతుంది. ఫోన్లో ఉండే కన్వర్టర్ నాసిరకం, చిన్న డబ్బీ ఒకటి బయట తగిలిస్తే తక్కువలోనే పెద్దింటి సౌండు వస్తుందని జయచంద్ర వీడియోల్లో చూశాడు. మొదటిది గాల్లోంచి పాట అందుకునే బ్లూటూత్ డబ్బీ. రెండోది టీవీ వెనక ఎర్రటి వెలుగు తీగతో తగిలించేది. మూడోది ఫోన్‌కు తోకలా వేలాడేది. తగిలించిన ప్రతిసారీ ఆమెను పిలిచి, "బాగుండాదా?" అనేవాడు. "బాగుండాది" అనేది. నిజంగానే బాగుండేది. కాసేపు విని అతను మాత్రం పెదవి విరిచేవాడు. "కప్పులు మోగడంల్యా లిజ్జీ. కట్టెతో తట్టినట్టుండాది."

ఆమె తన వంతు తను చేసింది. దుడ్లు పడని పనులన్నీ ఆమెవే. ఫోన్ చార్జింగులో ఉన్నప్పుడే స్పీకర్లలో ఆ గుయ్యిమనే మోత వస్తోందని పట్టింది, తీగ పీకేస్తే మోత పోయింది. స్పీకర్లను గోడకు ఆనించకుండా జానెడు ముందుకు జరిపించి, రెండేసి ఇటుకల మీద పాత బొంత ముక్క పరిచి ఎక్కించింది, డబడబమనే లావు సన్నబడింది. ఫోన్లో సౌండు నిండుగా పెట్టి, పెంచడం తగ్గించడం ఆంప్లిఫైయర్ మీదే చేయాలని చెప్పింది. ఇప్పుడు కొత్త డబ్బీని కూడా అలాగే తగిలించింది, పిన్నులు టక్కుమనకుండా, బొటనవేలితో మెల్లగా అదిమి. వాల్యూం గుండీ నూలుపోగంత తిప్పింది. పక్కన సన్న స్వరాలను పెంచే ట్రెబుల్ గుండీని ముట్టలేదు. ఆ గుండీ మీద తెల్లగీత ఎక్కడుంటుందో ఆమెకు బాగా తెలుసు, రోజూ దుమ్ము తుడిచేది తనే, ఉన్నది ఉన్నట్టు వదిలేదీ తనే. మొదటి డబ్బీ రోజుల్లో గీత నిట్టనిలువుగా ఉండేది, గడియారంలో పన్నెండులా. రెండోది వచ్చేసరికి రెండు దగ్గర. మూడోదానికి మూడు దాటింది. ఇప్పుడు అయిదు దగ్గర ఉంది, ఇంక తిరగదు.

కప్పులు మోగాయి. జలతరంగం. చెంచాలతో వెలుగును గీకినట్టు, గుచ్చుకునేంత పదునుగా, అతని గుండీ ఉన్న చోట అది ఆమెకు పంటి మీద చల్లటి నీళ్ళు పడ్డట్టే ఉంది. ఒక్క క్షణం, ఒక్కటే, గుండీని పన్నెండుకు తిప్పింది. అమ్మయ్యా. ఇదీ అసలు పాటంటే. వెదురుపుల్ల పింగాణీని తాకిన చోటు, ఆ వెంటనే లేచే గింగిర్లు, దానడుగున నీళ్ళు ఇంకా వణుకుతున్న సవ్వడి, లావు కప్పునుంచి సన్న కప్పుకు జారిపోయే గమకం, చిట్టచివర, అన్నింటికన్నా బుల్లి కప్పు, చుక్క పొడిచినట్టు. నాలుగో డబ్బీలో ఏ లోపమూ లేదు. కళ్ళు మూసుకుంటే హాలు పెద్దదవుతోంది, గోడలు వెనక్కి నడుస్తున్నాయి, ఇది రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు, ఇరవై మూడేళ్ళ కిందటి సాయంత్రం, మడత కుర్చీలు, ఆమె జడలో కనకాంబరాలు, పెళ్ళయి నలభై రోజులు. వేదిక మీద అర్ధచంద్రంలా పద్దెనిమిది కప్పులు పేర్చుకుని కూచున్న పెద్దాయన, నీళ్ళేవీ అంటే ఎవరి దగ్గరా లేవు. ఆ వారం ఊళ్ళో కొళాయిలు ఎండిపోయి ఉన్నాయి, వాననీటి మాట మరిచిపోయిన సంవత్సరం అది, ట్యాంకరు రాలేదు. జయచంద్ర లేచి, సైకిలెక్కి క్వార్టర్‌కు పోయి, ఇంట్లో ఉన్న ఒక్క బిందెనూ తెచ్చి వేదిక మీద పెట్టాడు. రేపు పొద్దున స్నానం ఎట్లా అని ఆమె కంగారుపడింది, మెటికలు విరుచుకుంది. పెద్దాయన చెంచాతో ఒక్కో కప్పులో నీళ్ళు పోస్తూ, పుల్లతో తట్టి, చెవి వంచి వింటూ, చివరి బుల్లి కప్పు దగ్గర జయచంద్ర ముఖం చూసి నవ్వి చెంచా చేతికిచ్చాడు. "నీళ్ళు నీవే కదా నాయనా, శ్రుతి నువ్వే చెయ్యి." హాలంతా నవ్వారు. అతను నవ్వలేదు. చెవి వంచి విన్నాడు. ఒక చుక్క. విన్నాడు. "ఇంగొక్క చుక్క" అన్నాడు. పెద్దాయన తట్టి చూసి తలూపాడు. వినే మొగుడు దొరికాడని ఆ రాత్రి ఆమె అనుకుంది, వట్టి బిందె పక్కన.

వినడం అతనికి వాళ్ళ నాయన రామప్ప ఇచ్చిన ఆస్తి. కంబదూరులో చేలో నిలబడి రామప్ప చెయ్యెత్తి అందరినీ ఊరుకోమనేవాడట, రెండు గుట్టల అవతల పడే వానను ముందు చెవితో పట్టేవాడట, ఆ వాన ఇటొస్తుందో అటే పోతుందో చెప్పేవాడట. ఎక్కువసార్లు అటే పోయేది. జయచంద్ర కూడా ఇంజను ఎక్కిన కొత్తలో చక్రాల చప్పుడులో చిన్న తేడా వస్తే పట్టేవాడు. తర్వాత డీజిలు ఇంజన్లు. పదహారేళ్ళు. చొక్కా ఉతికితే మూడు నీళ్ళకు గానీ పొగ వదిలేది కాదు. చెవులను ఎవరు ఉతుకుతారు.

ఆమె గుండీని మళ్ళీ అయిదు దగ్గరికి తిప్పి పెట్టింది, ఉన్నది ఉన్నట్టు. పాట ఆపింది. గడియారం మూడూ ఇరవై. ఎప్పుడు మొదలైందో ఎక్కడని పట్టుకోవడం. పోయినేడు పండగ ముందురోజు పైనుంచి స్టీలు పళ్ళెం జారి, నేలమీద పడి, బొంగరంలా తిరిగి తిరిగి ఆగింది. ఆమె ప్రాణం పోయినంత పనైంది. లోపల కదలిక లేదు. పాపం అలిసిపోయినాడు అనుకుంది. ఫోన్ మోగకుండా దిండు కింద పెట్టుకుని వణుకుడు మీద ఉంచుకోవడం మొదలుపెట్టాడు. నా నిద్ర చెడకుండా అనుకుంది. మాట్లాడుతుంటే ఆమె ముఖం వంకే చూస్తున్నాడు, ముఖంలోనూ పెదవులవంకే, వంటింట్లోంచి మాట్లాడితే లేచొచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, యాభై రెండేళ్ళ వయసులో. ఆమె సిగ్గుపడింది. ఇది తలుచుకుంటే ఇప్పుడు చెంపలు మండుతున్నాయి. సిగ్గుపడి, అద్దంలో చూసుకుని, చెవులకు పాత కమ్మలు తీసి పెట్టుకుంది. అతను చూసింది కమ్మలను కాదు. మాటలను చూశాడు.

పదిరోజుల కిందట హర్ష వచ్చాడు, ఇంజన్లో అతని పక్క సీట్లో కూచునే అసిస్టెంటు, పెళ్ళి కార్డు ఇవ్వడానికి. కాఫీ తాగాడు, జోకులేశాడు. పోయేటప్పుడు గేటు దాకా సాగనంపిన ఆమెతో, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "అక్కా, అన్నకు ఒకసారి చెవులు చూపించండి. సిగ్నలు నేను పిలిస్తే ఆయన తిరిగి చెప్పల్ల గదా, రెండుసార్లు పిలవాల్సి వస్తాండాది. వాకీటాకీలో గార్డు పిలిస్తే నేనే అందుకుంటాండా. యాడా చెప్పలేదక్కా. మీకే." ఆమె తలుపు వేసి వచ్చేసరికి జయచంద్ర, "ఏమంటాండాడు వాడు?" అన్నాడు. "కాఫీ బాగుండాదంట" అంది. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమెకు తెలియదు. రేపు పొద్దున ఆస్పత్రిలో అతనికి మెడికల్. రెండేళ్ళకొకసారి. కళ్ళు, గుండె, చక్కెర, చెవులు. చెవులకు అద్దాల గదిలో కూచోబెట్టి తొడుగులు పెడతారు, సన్నటి కూత వినపడినప్పుడల్లా చెయ్యెత్తాలి. పోయినసారి ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు, కూత వదిలినప్పుడల్లా మిషనాయన భుజం కదులుతుంది, అది అద్దంలో కనపడుతుంది, కండ్లు గూడా ఇంటాయి లిజ్జీ అని. అప్పుడు ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు ఆ అద్దంలో ఆమెకు వేరేది కనపడుతోంది, పెట్టెలు, పెట్టెల్లో బెర్తులు, బెర్తుల మీద బోర్లా వెల్లకిలా పడుకున్న జనం, చంటిపిల్లలు, చెప్పులు ఎవరైనా తీస్తారని తల కింద పెట్టుకున్న ముసలాయన, వాళ్ళందరి ముందు ఒక కిటికీలో, ఎదురుగాలిలో, పెదవులను చూసి వింటున్న ఒక్క మనిషి, చీకట్లో పెదవులు కనపడవు. చెబితే ఏమవుతుంది. ఇంజను మీంచి దించేస్తారు, డ్రైవర్లు డ్యూటీకి సంతకాలు పెట్టే లాబీలో కుర్చీ, రిజిస్టరు. జీతం ఎలాగో సర్దుకుంటుంది. కానీ ప్లాట్‌ఫారం మీద మెయిల్ రైలు ముందు సంచి భుజాన వేసుకుని నడిచిపోయే ఆ నడక ఉంది చూశావూ, అది కుర్చీలో పట్టదు. చెప్పకపోతే. ఆ సగంలోనే ఆమె ఆలోచన ప్రతిసారీ ఆగుతోంది, ఎర్ర లైటు పడ్డట్టు.

నిజమో కాదో తేల్చుకోకుండా ఒక మనిషి బతుకుదెరువు మీద చెయ్యి వేయకూడదు. లాబ్‌లో ఒక్క రీడింగుతో సరిపెట్టుకునేది కాదు ఆమె, మూడు తీసేది. పొద్దున బయమ్మ గోడమీదుగా ఇచ్చిన పచ్చి చెనక్కాయలు గంపలో ఉన్నాయి. కడిగింది. ఉప్పు వేసింది. అటక మీది కుక్కర్ దించింది. మూత బిగించి, దాని నెత్తిన విజిల్ పెడుతుంటే దొంగతనం చేస్తున్నట్టుంది. మంట పెద్దది చేసి పడకగది తలుపు దగ్గరికి వచ్చి, సగం తీసి, గుమ్మంలో నిలబడింది. ఫ్యాను. మంచం. అటు తిరిగి పడుకున్నాడు. మెడ మీద నెరిసిన వెంట్రుకలు గాలికి ఊగుతున్నాయి. లేవాలి, ఆమె వేడుకుంది, లేచి నన్ను తిట్టాలి, ఏం తల్లీ ఇరవై ఏండ్లకు బుద్ధి పుట్టిందా అని అరవాలి, ప్రభువా ఒక్కసారి. వంటింట్లో ఆవిరి గొణిగింది, ఈలగా సన్నబడింది, ఇల్లంతా చీల్చుకుని మొదటి విజిల్ వచ్చింది. వేపచెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. అతని మెడ మీది వెంట్రుకలు ఫ్యాను గాలికి ఊగుతున్నాయి, అంతే. నిద్ర, ఆమె అనుకుంది, నిద్రే, రాత్రంతా మేలుకున్నాడు. రెండో విజిల్. గోడ అవతల బయమ్మ ఏదో కేకేసింది. అప్పుడు అతను ఇటు తిరిగాడు, ఆమె గుండె పొంగింది, వినపడింది, వినపడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పటినుంచో మేలుకుని ఉన్న కళ్ళు, ఎరుపు లేదు, మత్తు లేదు. గుమ్మంలో ఆమెను చూసి నవ్వాడు. "నాలుగైందా?" ఆమె జవాబు చెప్పేలోపే మూడో విజిల్ మొదలైంది, పొడుగ్గా, సాగి సాగి, ఎప్పటికీ ఆగనట్టు, ఆ సేపంతా అతను నవ్వుముఖంతో ఆమె పెదవుల వంక చూస్తూ, అవి కదలడం కోసం ఎదురుచూస్తూ ఉన్నాడు.

ఆమె పోయి మంట ఆర్పింది. తిరిగి వచ్చేసరికి అతను లుంగీ సర్దుకుని స్టీరియో ముందు చాప మీద కూచుని ఉన్నాడు, చిన్నపిల్లవాడిలా డబ్బీని వేలితో తడుముతూ. ఆమె పాట పెట్టింది. అతను తల వంచి, ఎడమ చెవి, తర్వాత కుడి చెవి, స్పీకర్ గుడ్డకు తగిలేంత దగ్గరగా పెట్టి విన్నాడు. చెయ్యి అలవాటుగా ట్రెబుల్ గుండీ మీదికి పోయింది, అది తిరగలేదు.

"ఊఁ... పర్వాల్యా" అన్నాడు. "లావు కప్పులు బాగుండాయి. ఆ చిన్నవే... ఇది గూడా అట్లనేనా? అందరూ బాగుండాదనిరే."

ఆమె అతని వేళ్ళ మీద చెయ్యి వేసి, వేళ్ళతో సహా గుండీని పన్నెండుకు తిప్పింది. ఎన్నడూ ఆ గుండీని అతని ముందర ముట్టలేదు. అతను ముఖం ఎత్తాడు. ఆమె ముఖం అతనికి కనపడేట్టు నేలమీద కూచుంది.

"ఇది బాగుండాది" అంది. "మొదటిది గూడా బాగుండింది. రెండోదీ, మూడోదీ."

"అంటే?"

"ఇప్పుడు కుక్కర్ మూడు విజిల్లు కొట్టింది."

"యాడ? మనింట్లోనా?"

ఆమె తలూపింది. అతను లేచి వంటింట్లోకి పోయాడు. పొయ్యి మీది కుక్కర్‌ను చూశాడు. మూత మీద అరచెయ్యి పెట్టి, కాలితే తీసి, మళ్ళీ పెట్టాడు. ఉడికిన చెనక్కాయల వాసన ఇల్లంతా నిండి ఉంది. వెనక్కి వచ్చి ఆమె పక్కన కూచునేదాకా జలతరంగం తన పాటికి తాను మోగుతూనే ఉంది, బిందెలోంచి కప్పుల్లోకి, కప్పుల్లోంచి గాల్లోకి.

"హర్ష చెప్పినాడా?"

"నాకు చెవులుండాయి."

కుక్కర్‌కు కాలిన అరచెయ్యి చూసుకున్నాడు. "మూడోదానప్పుడే అనుమానమొచ్చింది లిజ్జీ. నాలుగోది రానీలే, దాని సంగతి గూడా చూద్దామనుకుంటి." తర్వాత, ఎవరితోనో ఒప్పందం మాట్లాడుతున్నట్టు, "రేపు అద్దంలోకి చూడను. ఇనపడనిదానికి చెయ్యెత్తను."

గోడ అవతలినుంచి బయమ్మ మళ్ళీ అరిచింది. ఎలిజబెత్ తల అటు తిరగడం చూసి, "ఏమంటాండాది?" అన్నాడు.

"మనింట్లో పిల్లులు గాదు, మనుషులే ఉండారని ఈపొద్దు తెలిసిందంట."

అతను నవ్వబోయాడు, నవ్వు సగంలో వేరేది అయింది. "ఇంగ చప్పుడు చేసుకోలే" అన్నాడు, "పప్పు గిప్పు తొందరగా ఉడుకుతాది." ఆమె అతని అరచెయ్యి తీసి తన ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. ఇంజను కూత మోగించే పెద్ద చెయ్యి, గీతల్లో ఇంకా పదహారేళ్ళ డీజిలు. పాట నడుస్తుంటే వేలి కొసతో దాని మీద తట్టడం మొదలుపెట్టింది. మణికట్టు దగ్గర లావు కప్పులు, అరచేయి నడిమిన మధ్యవి, వేళ్ళ మీద సన్నవి. మొదట ఆమె వెనకబడింది, తర్వాత పాట వేలికి అందింది. అతను కళ్ళు మూసుకున్నాడు. స్వరం పైకి పాకి పాకి చివరికి వస్తుంటే ఆమె చిటికెనవేలి కొసకు చేరుకుని, అక్కడ గోటితో, చుక్క పడ్డట్టు, ఒకసారి తాకింది.

అతను కళ్ళు తెరవలేదు. "ఇంగొక్క చుక్క" అన్నాడు.